పాత కట్టడాల సంరక్షణలో అధ్యాపకులు కావాలనుకునే ఆర్కిటెక్టులకు

కట్టడాల సంరక్షణను బోధించాలని, అందులో పరిశోధన చేయాలని కోరుకునే యువ ఆర్కిటెక్టులు ఏ కోర్సులో చేరాలన్న ప్రశ్నతో మొదలుపెడతారు. నన్ను అడిగితే, కోర్సు కంటే ముందు ఒక కట్టడాన్ని ఎంచుకోమంటాను. బీఆర్క్ చదువుతుండగానే, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలో దొరలు కట్టించుకున్న ఒక గడీనో, మెట్ల బావినో, కోనసీమ వారైతే ఒక మండువా లోగిలినో ఎంచుకోండి. రక్షిత కట్టడాల్లో పని చేయాలంటే పురావస్తు శాఖ అనుమతి తీసుకోవాలి. తొలి అధ్యయనానికి యజమాని మాటతో పని జరిగే ఇల్లే అనుకూలం, చట్టం అండ లేక ఎక్కువగా కూలిపోతున్నవీ అలాంటివే.

మొదట చేత్తో కొలవండి. లేజర్ స్కానర్ తర్వాత ఎలాగూ నేర్చుకుంటారు. గది గోడలతో పాటు మూల నుంచి మూలకు రెండు కర్ణాలనూ కొలవాలి, ఎందుకంటే పాత గదుల మూలలు చాలాసార్లు సరిగ్గా లంబకోణంలో ఉండవు. కిటికీలనూ గుమ్మాలనూ విడివిడిగా కొలిచి కూడితే చిన్న తప్పులన్నీ పేరుకుంటాయి కనుక, టేపును ఒక చివర నిలిపి వరుసగా చదువుతూ పోవాలి. అదే గోడను నడివేసవిలో ఒకసారి, వానలు వెలిశాక మరోసారి చూడండి. సున్నపు గోడ మీద ఎవరో సిమెంటు పూసి ఉంటే, లోపలి తేమ బయటికి ఆరిపోయే దారి లేక పక్కనున్న మెత్తని ఇటుకలోకి చేరుతుంది, దానితో వచ్చిన లవణాలు అక్కడ స్ఫటికాలుగా మారి ఇటుక పైపొరను రాల్చేస్తాయి. ఆ లవణాల తెల్లటి మరక ఎంత ఎత్తు దాకా పాకింది, ఏ నెలలో తగ్గింది అన్న నమోదులోంచే నిజమైన పరిశోధనాంశం పుడుతుంది.

ఇక పీజీ. ఢిల్లీ, భోపాల్, విజయవాడలలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్లలోనూ, అహ్మదాబాదు సెప్ట్ విశ్వవిద్యాలయంలోనూ ఈ చదువు ఉంది. విదేశాలకు వెళ్లగలిగినవారికి యార్క్, లూవెన్ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఎక్కడ చేరినా, కట్టడాల సంరక్షణ సూత్రాలను చెప్పే అంతర్జాతీయ పత్రం, 1964 నాటి వెనిస్ చార్టర్‌ను స్వయంగా చదవండి. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలని దాని 9వ అధికరణం చెబుతుంది. చేసిన పనినంతా చిత్రాలతో, ఫొటోలతో నమోదు చేసి, పరిశోధకులకు అందుబాటులో ఉండేలా ఒక ప్రజా సంస్థలో భద్రపరచాలని, ఆ నివేదికను ప్రచురించడం మంచిదని 16వ అధికరణం అంటుంది. ప్రచురణ మన రంగంలో పదోన్నతి కోసం చేసే పని కాదని, సంరక్షణలోనే అది ఒక భాగమని నేను నమ్ముతాను.

పీహెచ్‌డీకి గైడ్‌ను ఎంచుకునేటప్పుడు, ఆయన ఈ మధ్య ఏ కట్టడం దగ్గర పని చేశారో అడగండి. పరిశోధనాంశం ఎంత ఇరుకుగా ఉంటే అంత మంచిది: ‘తెలంగాణ వారసత్వ కట్టడాలు’ అన్న శీర్షిక కంటే, ఒక్క జిల్లా గడీల పైకప్పుల్లో తేమ అన్నది మేలు. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ చేపట్టిన పనిలో, వెనుకటి మరమ్మతుల సిమెంటును తొలగించి మళ్లీ సున్నం వాడారు. అలాంటి పని తెలిసిన మేస్త్రీల దగ్గర కొన్ని వారాలైనా కూర్చోండి. సున్నం ఎన్నాళ్లు నానాలి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు ఎప్పుడు కలపాలి అన్నది వారి మాటల్లోనే రాసుకుని, వారు ఒప్పుకుంటే వ్యాసంలో పేరుతో సహా పేర్కొనండి. ఈ మర్యాదను మన పరిశోధకులు చాలామంది పాటించకపోవడం నన్ను బాధిస్తుంది.

అధ్యాపకులయ్యాక పాఠాన్ని గోడ దగ్గరికి తీసుకువెళ్లండి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని శ్రీశైలం జలాశయపు ముంపు నుంచి తప్పించడానికి విప్పి ఆలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. నదీ సంగమం పేరున్న గుడి సంగమానికి దూరమైతే ఏం మిగిలింది, ఏం పోయింది అని విద్యార్థులను అక్కడే నిలబెట్టి అడగండి. వారు గీసిన ప్రతి చిత్రం మీదా కొలిచిన తేదీ వేయించి, ఒక ప్రతిని కళాశాల గ్రంథాలయానికీ, మరొకటి కట్టడం యజమానికీ ఇవ్వండి. రేపు దూలం విరిగితే మేస్త్రీ చేతిలో ఉండవలసిన కాగితం అదే.