జాతక చక్రంలో అనుబంధం – నాలుగో పాఠం: సప్తమ భావాన్ని మన వైపు తిప్పి చదవడం

గడచిన మూడు పాఠాల్లో రాశి చక్రం గీయడం, లగ్నాన్ని (పుట్టిన వేళ తూర్పున ఉదయిస్తున్న రాశిని) గుర్తించడం, చంద్రుడున్న నక్షత్రాన్ని బట్టి మన మనసు తీరును గమనించడం నేర్చుకున్నాం. ఇప్పుడు సప్తమ భావానికి, అంటే పెళ్లినీ అనుబంధాన్నీ చూసే ఏడో ఇంటికి వచ్చాం. జాతకం చేతికి రాగానే చాలామంది ముందుగా వేలు పెట్టి చూపేది ఈ గడినే. పెళ్లికాని వారు ‘నాకు ఎలాంటి మనిషి దొరుకుతాడు?’ అని అడుగుతారు. పెళ్లయి ఇబ్బంది పడుతున్నవారు ‘ఈ మనిషి ఎందుకిలా ఉన్నాడు?’ అని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలూ పక్కన పెట్టమని నా మొదటి అభ్యర్థన. ఇది మీరు పుట్టిన క్షణానికి గీసిన చక్రం. ఎదుటి మనిషి పుట్టిన వేళ, పెరిగిన ఇల్లు, పడిన కష్టం ఇందులో ఎక్కడా లేవు. కాబట్టి సప్తమంలో మనం వెతకగలిగింది ఒక్కటే: ప్రేమించిన వారి దగ్గర మనం ఏం ఆశిస్తున్నాం, అది దొరకనప్పుడు ఎలా ప్రవర్తిస్తున్నాం.

ముందు గడిని గుర్తించండి. లగ్నాన్ని ఒకటిగా లెక్కపెట్టి ఏడో రాశి దగ్గర ఆగాలి. మన దక్షిణాది చక్రంలో రాశుల స్థానాలు మారవు కనుక, చక్రం నడిమధ్య గుండా లగ్నానికి సరిగ్గా ఎదురుగా ఉన్న గడే సప్తమం. పై వరుసలో ఎడమ మూలనున్న మీనానికి కింది వరుసలో కుడి మూలనున్న కన్య ఎదురు. ఆ గడి ఖాళీగా ఉంటే కంగారు పడకండి. గ్రహాలు తొమ్మిది, భావాలు పన్నెండు. ఎవరి చక్రంలోనైనా కనీసం మూడు గళ్లు ఖాళీగా ఉండక తప్పదు.

లగ్నం సుమారు రెండు గంటలకు ఒకసారి మారుతుంది. పుట్టిన వేళ కచ్చితంగా తెలియనివారు చంద్రుడున్న రాశిని లగ్నంగా తీసుకొని అక్కడినుంచి ఏడోది చూడండి. విదేశాల్లో ఉంటూ అక్కడి యాప్‌లలో జాతకం చూసుకునేవారికి మరో మాట. పాశ్చాత్య పద్ధతికీ, నక్షత్రాలను ఆధారంగా తీసుకునే మన నిరయన పద్ధతికీ ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల తేడా ఉంది. ఒక రాశి 30 డిగ్రీలే కాబట్టి అక్కడ తులలో కనిపించే శుక్రుడు మన లెక్కలో చాలాసార్లు కన్యలో ఉంటాడు. ఈ తేడానే అయనాంశ అంటారు; ఈ పాఠాలకు యాప్‌లో లాహిరీ అయనాంశను ఎంచుకోండి.

ఇక అసలు విషయం. పన్నెండు లగ్నాలకు పన్నెండు సప్తమాలున్నా, లగ్నాధిపతిని, సప్తమాధిపతిని (ఆ రెండు రాశులను ఏలే గ్రహాలను) పక్కపక్కన రాసి చూస్తే మూడు రకాల జంటలే తేలతాయి. మేషం, వృషభం, తుల, వృశ్చికం లగ్నాలకు కుజుడూ శుక్రుడూ ఎదురెదురు. మిథునం, కన్య, ధనుస్సు, మీనం లగ్నాలకు బుధుడూ గురువూ. కర్కాటకం, మకరం లగ్నాలకు చంద్రుడూ శనీ. సింహం, కుంభం లగ్నాలకు రవీ శనీ; శని ఎదురైన ఈ రెండింటినీ ఒకే రకంగా తీసుకుందాం.

కుజ శుక్రుల జంటలో ముందడుగు వేయడానికీ సర్దుకుపోవడానికీ మధ్య పెనుగులాట ఉంటుంది. మేష లగ్నం తానే నిర్ణయించేసి, దాన్ని ఎదుటివారు నవ్వుతూ అందుకోవాలనుకుంటుంది. తులా లగ్నం అన్నీ తూచి తూచి, చివరి మాట ఎదుటివారు చెప్పాలని ఎదురుచూస్తుంది. వారు చెప్పాక ‘నన్ను అడగనే లేదు’ అని నొచ్చుకుంటుంది. బుధ గురువుల జంటలో ఒకరికి వివరం కావాలి, మరొకరికి అర్థం కావాలి. కన్యా లగ్నం ‘బ్యాంకులో ఎంత ఉంది, బిల్లు కట్టామా’ అని అడుగుతుంటే, మీనమనే సప్తమం దగ్గర ఆ లెక్కలన్నీ మరిపించే ఆదరణను కోరుకుంటుంది.

చంద్ర రవులకు శని ఎదురైన జంట దగ్గర కాసేపు ఆగుదాం. మన కుటుంబాల్లో ఎక్కువ మౌనానికి కారణమయ్యేది ఇదేనని నా అభిప్రాయం. కర్కాటకం ఆప్యాయతను పంచుతుంది; మకరం దగ్గర స్థిరత్వాన్ని, బాధ్యతను, అన్న మాట నిలబెట్టుకోవడాన్ని ఆశిస్తుంది. అయితే శని స్వభావం నిదానం. బాధ్యత మోసే మనిషి తరచూ మాటలు తక్కువ మనిషి కూడా. ఏ గుణాన్ని చూసి మనసు పడ్డామో, ఆ గుణం తాలూకు మరో వైపే నాలుగేళ్లకు ఫిర్యాదుగా మారుతుంది. సింహ లగ్నానిది మరో తీరు: మెచ్చుకోలు కావాలి, కానీ దాన్ని తేలికగా ఇవ్వని మనిషి దగ్గరే దాన్ని వెతుకుతుంది.

ఎదుటివారికి మనం అప్పజెప్పిన గుణం సాధారణంగా మనం మనలో పెంచుకోని గుణం. అందుకే అది వారిలో కనిపిస్తే ఆకర్షిస్తుంది, కొరవడితే గాయపరుస్తుంది. సప్తమాన్ని కొంత మనమే మోయడం నేర్చుకున్న రోజున అనుబంధం మీద బరువు తగ్గుతుంది. కర్కాటక లగ్నం వారు తమ మాటకు తామే ఒక వేళ, ఒక హద్దు పెట్టుకోవడం. తులా లగ్నం వారు వారానికి ఒక నిర్ణయమైనా ఎవరినీ అడగకుండా తీసుకుని దాని ఫలితానికి నిలబడటం. ఈ పాఠంలో నేర్చుకోవలసిన విద్య ఇదే.

ఊహించిన ఒక చక్రంతో సాధన చేద్దాం. స్త్రీ జాతకం. కర్కాటక లగ్నం. సప్తమం మకరం, ఖాళీ. సప్తమాధిపతి శని నాలుగో ఇంట తులలో ఉచ్చలో, అంటే అత్యంత బలమైన స్థానంలో ఉన్నాడు. తానున్న చోటినుంచి పదో ఇంటి మీద పడే దశమ దృష్టితో లగ్నాన్ని చూస్తున్నాడు. కళత్ర కారకుడైన (దాంపత్యాన్ని సూచించే) శుక్రుడు మూడో ఇంట కన్యలో నీచలో, అంటే బలహీన స్థానంలో ఉన్నాడు.

పాత పద్ధతిలో ఈ చక్రానికి వచ్చే వాక్యాలు ఇలా ఉంటాయి: ‘భర్త నిదానస్తుడు, బాధ్యత తెలిసినవాడు, ముద్దు మాటలు తక్కువ. శుక్రుడు నీచపడ్డాడు కనుక దాంపత్య సుఖం అంతంతమాత్రం.’ రెండో వాక్యం విన్న అమ్మాయి మనసులో అది ఎన్నేళ్లు ఉండిపోతుందో ఆలోచించండి. మనం దీన్ని తిరగరాద్దాం. నియమం ఒక్కటే: ప్రతి వాక్యానికీ కర్త ‘నేను’ కావాలి, ప్రతి వాక్యం చివరా ఒక ప్రశ్న ఉండాలి.

శని నాలుగో ఇంట ఉన్నందుకు: ‘నేను ప్రేమను ఇంటి భద్రతతో, నిలబెట్టుకున్న మాటతో కొలుస్తాను. ఎదుటివారు స్పందించడానికి సమయం తీసుకుంటే ప్రేమ తగ్గిందని భయపడుతున్నానా?’ శని లగ్నాన్ని చూస్తున్నందుకు: ‘వారి దగ్గర నన్ను నేను బిగబట్టుకుంటున్నానా? కావలసింది అడగకుండా, వారే గ్రహించాలని కూర్చుంటున్నానా?’ శుక్రుడు కన్యలో ఉన్నందుకు: ‘నా ప్రేమ సేవలోనూ సరిదిద్దడంలోనూ బయటపడుతుంది. అది వారికి విమర్శగా వినిపిస్తోందా? తప్పు చూపకుండా మెచ్చుకుని ఎన్నాళ్లయింది?’

నీచ అన్న మాట ఇప్పుడు శాపంగా మిగల్లేదు, చేయదగిన పనిగా మారింది. ఆ పని మామూలు రోజుల్లో ఎలా ఉంటుందంటే: ఏడింటికి వస్తానన్న భర్త తొమ్మిదింటికి వచ్చాడు. ‘మీకు ఇల్లంటే ఎప్పుడూ లెక్కలేదు’ అన్నది అలవాటైన మాట. ‘ఏడింటికి వస్తానన్నారు. చూసి చూసి నాకు దిగులేసింది. ఆలస్యమవుతుందని తెలియగానే ఒక్కసారి ఫోన్ చేయండి’ అన్నది నేర్చుకున్న మాట. రెండో మాటలో జరిగిన సంగతి ఉంది, తన మనసు ఉంది, స్పష్టమైన కోరిక ఉంది. మనిషి మీద తీర్పు లేదు. మొదట్లో ఈ రెండో మాట నోటికి కృతకంగా తోస్తుంది. అయినా చెప్పండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇలాంటి వాక్యాలు చదవగానే ‘ఇది అచ్చంగా నేనే’ అనిపించడం చాలా తేలిక. 1948లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బెర్ట్రమ్ ఫోరర్ తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, తర్వాత ఎవరి స్వభావ వర్ణన వారికి అన్నట్టుగా కాగితాలు పంచాడు. అది తమకెంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే వర్ణన. మన దేశంలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ బృందం మహారాష్ట్రలో మరో రకం పరీక్ష చేసింది. చదువులో చురుకైన పిల్లల జాతకాలనూ, మానసిక ఎదుగుదల లోపమున్న పిల్లల జాతకాలనూ కలిపి ఇస్తే, ఏది ఎవరిదో చెప్పడంలో 27 మంది జ్యోతిష్కులు సాధించిన సగటు 46 శాతం. నాణెం ఎగరేసి చెప్పినా దాదాపు అంతే వస్తుంది.

ఈ పాఠాలు చెబుతూ ఆ ఫలితాలను దాచడం నాకు ఇష్టం లేదు. గ్రహం మీ భర్తను ఆలస్యంగా రప్పించదు. జాతక చక్రాన్ని నేను గౌరవించేది అది మన పెద్దలు మనసు గురించి మాట్లాడుకోవడానికి కూర్చుకున్న భాష కాబట్టి. కోపాన్ని కుజుడని, దిగులును శని అని, మమతను చంద్రుడని పేరు పెట్టి పిలిస్తే, సూటిగా చెప్పుకోలేని మాట కొంత సులువుగా బయటికొస్తుంది. అందుకే మీ వాక్యాలతో పాటు పక్క లగ్నం వాక్యాలు కూడా రాసి, రెండింటినీ అంతే నిజాయితీగా పరీక్షించుకోండి. పక్క లగ్నానిది మీకు ఎక్కువ సరిపోతే దాన్నే ఉంచుకోండి. సరిపోనిదాన్ని సాగదీసి సరిపెట్టకండి, కొట్టేయండి.

పెళ్లి కుదిర్చేటప్పుడు చూసే పొంతన గురించి కొద్దిగా. అష్టకూటాల్లో, అంటే వధూవరులకు కలిపి చూసే ఎనిమిది అంశాల్లో, వర్ణానికి ఒకటి నుంచి నాడికి ఎనిమిది వరకు కలిపి మొత్తం 36 గుణాలు. 18 దాటితే చాలంటారు. ఈ 36 గుణాలూ ఇద్దరి చంద్రుల స్థానం నుంచే లెక్కిస్తారు. లగ్నం గానీ, సప్తమం గానీ, శుక్రుడు గానీ ఆ లెక్కలోకి రారు. జ్యోతిషాన్ని పూర్తిగా నమ్మేవారు సైతం ఆ అంకె చూసి ఒక సంబంధాన్ని కాదనడం అదే జ్యోతిషం ప్రకారం తొందరపాటు.

కుజ దోషం సంగతీ అంతే. 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే దోషమంటారు. లగ్నం నుంచి మాత్రమే చూసినా పన్నెండింటిలో అయిదు స్థానాలు, అంటే నూటికి నలభై మందికి పైగా. చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి కూడా లెక్కిస్తే అది తగిలే జాతకాలే ఎక్కువ. ఇంతమందికి ఉన్న దాని పేరుతో ఒక ఆడపిల్లను సంవత్సరాల తరబడి వెనక్కి నెట్టడం అన్యాయం. కుజుణ్ణి మీరు మరోలా వాడుకోవచ్చు: ‘కోపం వచ్చినప్పుడు నా నోరు ముందు పరిగెడుతుందా, తలుపు ముందు మూసుకుంటుందా?’ సియాటిల్‌లో దశాబ్దాల పాటు దంపతుల గొడవలను పరిశీలించిన జాన్ గాట్‌మన్, గుండె వేగం పెరిగిపోయినప్పుడు వాదన ఆపి కనీసం 20 నిమిషాలు విడిగా ఉండమంటారు. వెళ్లేవారు ‘మళ్లీ వచ్చి మాట్లాడతాను’ అని చెప్పి వెళ్లాలి. చెప్పకుండా వెళ్తే అది శిక్షలా తగులుతుంది.

ఇప్పుడు నేను చెప్పబోయేది సాధన కంటే ముఖ్యం. జీవితాన్ని గ్రహాల వారీగా దశలుగా విడదీసే వింశోత్తరి లెక్కలో శని మహర్దశ 19 ఏళ్లు. ‘శని దశ నడుస్తోంది, ఓర్చుకో తల్లీ’ అని దెబ్బలు తింటున్న కూతురికి చెప్పే ఇళ్లు మన మధ్య ఉన్నాయి. చేయి చేసుకోవడం, బెదిరించడం, డబ్బు అందకుండా చేయడం, పుట్టింటి వారితో మాట్లాడనివ్వకపోవడం గ్రహస్థితులు కావు. అక్కడ ‘నేను ఏం మార్చుకోవాలి?’ అన్న మన ప్రశ్న కూడా పనికిరాదు, ఎందుకంటే తప్పు మీది కాదు. ఆ స్థితిలో ఉన్నవారు ఈ పాఠం పక్కన పెట్టి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. గృహ హింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం పెళ్లయినవారికే కాక, పెళ్లి లాంటి బంధంలో కలిసి ఉంటున్నవారికీ వర్తిస్తుంది.

మిగిలినవారికి ఇంటి పని. నోట్‌బుక్‌లో కుడి పేజీ మీద మీ సప్తమ రాశి, దాని అధిపతి ఉన్న భావం, శుక్రుడున్న రాశి రాసి, ఒక్కోదానికి ఒక్కో ‘నేను’ వాక్యం కూర్చండి. ఎడమ పేజీలో రోజూ ఒక చిన్న సంఘటన రాయండి: ఏం జరిగింది, నాకేమనిపించింది, నేనేం అన్నాను, నిజానికి ఏం అడగాలనుకున్నాను. చివరి రెండింటికీ ఎంత దూరం ఉందో చూడటమే పని. తగ్గించాలని మొదటి వారంలో ప్రయత్నించకండి. రెండో వారంలో ఒక్కసారైనా, అడగాలనుకున్నదాన్ని యథాతథంగా అడగండి. ఒంటరిగా ఉన్నవారు అమ్మతోనో, స్నేహితులతోనో ఇదే సాధన చేయవచ్చు. భాగస్వామి నోట్‌బుక్ చదవకండి, వారి చక్రానికి వాక్యాలు రాయకండి. వారు తమంతట తాము చూపిస్తే వినండి, దిద్దకండి.

అయిదో పాఠం పంచమ భావం మీద: మనసు పడటం, ఆ తొలి వేడి తగ్గాక ఏం మిగులుతుందన్నది. దానికి ముందుగా మీ పంచమాధిపతి ఎక్కడున్నాడో గుర్తించి, ఈ రెండు వారాల్లో కొట్టేయగా మిగిలిన వాక్యాల పక్కన రాసి ఉంచుకోండి.