పసిబిడ్డతో హైదరాబాద్ చూడాలంటే

పురుడు పోసుకున్న తల్లి మూడో నెలలోనో ఐదో నెలలోనో పుట్టింటి నుంచి అత్తవారింటికి బయలుదేరినప్పుడు, దారిలో హైదరాబాద్‌లో రెండు మూడు రోజులు ఆగవలసి రావడం మన కుటుంబాల్లో తరచుగా జరుగుతుంది. బిడ్డ పాస్‌పోర్టు కోసమో, వీసా పని మీదో నగరానికి వచ్చే దంపతులూ ఉంటారు. చంటిబిడ్డను వెంటబెట్టుకుని ఊరు చూడటమేమిటని ఇంట్లో పెద్దలు అభ్యంతరం చెప్పడం సహజమే. అయినా నెలల తరబడి నాలుగు గోడల మధ్య గడిపిన బాలింతకు ఆరుబయట తిరిగి రావడం ఎంతో అవసరమని నా గట్టి నమ్మకం. ఊరు చూసేది తల్లి. బిడ్డకు కావలసింది పాలు, నీడ, నిద్ర, అమ్మ ఒడి. ఈ నాలుగింటికీ లోటు రాకూడదంటే పూటకు ఒక్క చోటు మాత్రమే పెట్టుకోవాలి. మిగిలిన జాగ్రత్తలన్నీ ఈ నియమం చుట్టూనే తిరుగుతాయి.

మొదట వయసు సంగతి. పుట్టిన మొదటి 28 రోజుల్లో బిడ్డకు రోగనిరోధక శక్తి బాగా తక్కువగా ఉంటుంది కాబట్టి, ఆ రోజుల్లో తప్పనిసరి ప్రయాణం చేయవలసి వచ్చినా, జనం తిరిగే చోట్లకు మాత్రం తీసుకువెళ్ళకూడదు. ఆరో వారంలో పెంటావాలెంట్, పోలియో, రోటావైరస్, న్యుమోకోకల్ టీకాలు పడతాయి. దాదాపు అదే సమయానికి తల్లికి కూడా ప్రసవానంతర పరీక్ష పూర్తవుతుంది. ఈ రెండూ అయ్యాక, వైద్యులు సరేనన్న తరువాత బయలుదేరడం మంచిది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో, బరువు తక్కువగా ఉన్న బిడ్డ విషయంలో వైద్యుల మాటే చివరి మాట. టీకా వేయించిన మరునాడే ప్రయాణం పెట్టుకోవద్దు. ఆ ఒకటి రెండు రోజుల్లో జ్వరం రావచ్చు. అది టీకా వల్ల వచ్చిందో మరే కారణం వల్ల వచ్చిందో పరాయి ఊళ్ళో తేల్చుకోవడం కష్టం.

కాలం విషయానికి వస్తే, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హైదరాబాద్ పసిపిల్లలకు అనువుగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి అప్పుడు ఉదయం తొమ్మిది లోపల తప్ప బయట తిరగకపోవడమే మేలు. వానాకాలంలో రోడ్ల మీద నీళ్ళు నిలిచి వాహనాలు గంటల తరబడి ఆగిపోవచ్చు. దోమల బెడద కూడా ఎక్కువ.

బస ఎక్కడ అన్నది చాలామంది అద్దెను బట్టి తేల్చుకుంటారు గానీ, బిడ్డ ఉన్నప్పుడు దూరాన్ని బట్టి తేల్చుకోవాలి. లక్డీకాపూల్, నాంపల్లి, బషీర్‌బాగ్ ప్రాంతాల్లో దిగితే పాతబస్తీకీ హుస్సేన్‌సాగర్‌కూ మధ్యలో ఉంటారు, మెట్రో దగ్గర, పైగా పిల్లల వైద్యానికి పేరుపడిన ప్రభుత్వ నిలోఫర్ ఆసుపత్రి ఉన్న రెడ్‌హిల్స్ కూడా పక్కనే. గదిలో వేడినీళ్ళు, కెటిల్ ఉన్నాయో లేదో, లిఫ్టు పనిచేస్తుందో లేదో ముందే ఫోను చేసి కనుక్కోవాలి. సిజేరియన్ అయిన తల్లి మూడో అంతస్తుకు మెట్లెక్కే పరిస్థితి రాకూడదు.

రోజును గడియారం ప్రకారం కాకుండా పాల ప్రకారం అమర్చుకోండి. ఈ వయసు బిడ్డ రెండు మూడు గంటలకు ఒకసారి పాలు తాగుతుంది. ఉదయం కడుపు నిండా పాలిచ్చి, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని, డైపర్ మార్చి వెంటనే బయలుదేరితే, చేరవలసిన చోటుకు చేరి కొంతసేపు చూసేసరికి మళ్ళీ పాల వేళ అవుతుంది. అక్కడే నీడలో కూర్చుని పాలిచ్చి, మధ్యాహ్నం కాకముందే గదికి తిరిగి రావాలి. మధ్యాహ్నమంతా తల్లీబిడ్డలిద్దరూ నిద్రపోవాలి. సాయంత్రం నాలుగున్నర తరువాత మళ్ళీ కొద్దిసేపు వెళ్ళవచ్చు. ఉదయం అలసిపోయి ఉంటే ఆ సాయంత్రాన్ని నిస్సంకోచంగా వదిలేయండి.

నగరంలో కాలిబాటలు అంతటా సరిగా ఉండవు కాబట్టి తోపుడు బండి కన్నా, ఛాతీకి కట్టుకునే బేబీ క్యారియర్ మేలు. దాన్ని కట్టుకునే పద్ధతి మాత్రం ముఖ్యం. బిడ్డ ముఖం తల్లిదండ్రుల వైపు ఉండాలి, తల వంచితే ముద్దు పెట్టుకునేంత ఎత్తులో ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనుకుని శ్వాసకు అడ్డు రాకూడదు, మోకాళ్ళు పిరుదుల కన్నా కొంచెం పైకి ఉండాలి. ముఖం మీద గుడ్డ కప్పకూడదు. తల్లి కుట్లు ఇంకా నొప్పిగా ఉంటే ఆ బరువును తండ్రే మోయాలి. ఒంటికి ఒళ్ళు ఆనడం వల్ల వేడి పెరుగుతుంది గనుక మధ్య మధ్య బిడ్డ మెడ వెనుక చేయి పెట్టి చూడండి. చెమట పట్టి ఉంటే వెంటనే బయటకు తీసి గాలి తగలనివ్వాలి. తోపుడు బండి తెచ్చుకున్నవారు ఎండ పడుతోందని దానిమీద పూర్తిగా దుప్పటి కప్పుతుంటారు. దానివల్ల లోపల గాలి ఆడక వేడి ఇంకా పెరుగుతుంది. ఆ పని ఎప్పుడూ చేయవద్దు. ఆరు నెలల లోపు బిడ్డకు సన్‌స్క్రీన్ రాయరు, కాబట్టి నీడ, పలుచని నూలు బట్టలు, టోపీ మాత్రమే రక్షణ.

వాహనాల్లో మెట్రో అన్నిటికన్నా నమ్మదగినది: ఏసీ పెట్టెలు, స్టేషన్లలో లిఫ్టులు, కుదుపు లేని ప్రయాణం. ఆఫీసు వేళల్లో మాత్రం నిలబడటానికి కూడా చోటుండదు. చార్మినార్ చెంతకు మెట్రో లేదు. ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటో పట్టుకోవాలి. క్యాబ్‌లలో పిల్లల సీటు సాధారణంగా ఉండదు కాబట్టి, కారు ప్రయాణాలు ఎక్కువగా ఉంటే వెనుకకు తిరిగి ఉండే శిశువుల సీటును సొంతంగా తెచ్చుకోండి. ముందు సీట్లో ఒడిలో బిడ్డను పెట్టుకుని కూర్చోవడం అత్యంత ప్రమాదకరం, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ దెబ్బ నేరుగా బిడ్డకు తగులుతుంది. ద్విచక్ర వాహనం ఊసే వద్దు.

ఇక చూడదగిన చోట్లు. చార్మినార్‌ను ఉదయం ఏడు గంటల ప్రాంతంలో, లాడ్‌బజార్ దుకాణాలు తెరవక ముందు చూడాలి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ నిర్మాణపు అందమంతా కింద నిలబడి తలెత్తి చూసినప్పుడే తెలుస్తుంది. పైకి వెళ్ళే మెట్లు ఇరుకుగా చుట్లు తిరుగుతూ ఉంటాయి కాబట్టి బిడ్డతో ఎక్కవద్దు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న చౌమహల్లా ప్యాలెస్ నా దృష్టిలో పసిబిడ్డ ఉన్న కుటుంబానికి హైదరాబాద్‌లో అన్నిటికన్నా అనువైన చోటు. విశాలమైన ఆవరణలు, నీటి కొలనులు, చెట్ల నీడ, పెద్ద పెద్ద షాండ్లియర్లతో చల్లగా ఉండే ఖిల్వత్ దర్బారు హాలు ఉన్నాయి. తల్లి కూర్చోవడానికీ, తండ్రి బిడ్డను ఎత్తుకుని తిప్పడానికీ చోటుకు కొదవ లేదు. ఉదయం పది గంటలకు తెరుస్తారు, శుక్రవారం సెలవు. చార్మినార్‌నూ దీన్నీ ఒకే ఉదయం కలిపేయాలని అనిపిస్తుంది గానీ, మధ్యలో మూడు గంటలు ఆ రద్దీలో గడపవలసి వస్తుంది. రెండు వేర్వేరు రోజులకు పెట్టుకోండి.

సాలార్‌జంగ్ మ్యూజియానికి కూడా శుక్రవారమే సెలవు. దాన్ని పూర్తిగా చూడటానికి ఒక రోజు చాలదు, అందుకే రెండు మూడు గదులు ముందే ఎంచుకోవాలి. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్న, మేలిముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి శిల్పంతో మొదలుపెట్టవచ్చు. గంట కొట్టే బొమ్మ ఉన్న గడియారం దగ్గర ప్రతి గంటకూ జనం గుమికూడతారు. బిడ్డను ఆ గుంపులోకి తీసుకుపోకుండా భార్యాభర్తలు వంతులవారీగా వెళ్ళి చూడటం మంచిది.

గోల్కొండ కోటలో పై దర్బారు దాకా మూడు వందలకు పైగా మెట్లున్నాయి, ఎండకు అడ్డు లేదు. ప్రవేశ ద్వారపు గోపురం కింద వచ్చిన ప్రతివారూ చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వింటారు కాబట్టి నిద్రలో ఉన్న బిడ్డ ఉలిక్కిపడుతుంది. అందువల్ల కోటను ఈసారికి వదిలి, అక్కడికి కిలోమీటరు దూరంలో ఉన్న కుతుబ్‌షాహీ సమాధుల తోటకు వెళ్ళమని చెబుతాను. చాలావరకు చదునైన నేల, చెట్ల కింద నిశ్శబ్దం, ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి చేపట్టిన పనులతో మళ్ళీ కళకళలాడుతున్న గుమ్మటాలు ఉన్న ఆ తోటలో పాలివ్వడానికి ఎక్కడ కూర్చున్నా బాగుంటుంది.

బిర్లా మందిరానికి సాయంత్రం వెళ్ళండి. పగటి ఎండకు కాలిన పాలరాయి మీద చెప్పులు లేకుండా బిడ్డను ఎత్తుకుని నడవడం కష్టం. సెల్‌ఫోన్లు లోపలికి అనుమతించరు కాబట్టి ఇద్దరూ విడిపోకుండా ఉండాలి. హుస్సేన్‌సాగర్ మధ్యలోని బుద్ధ విగ్రహాన్ని నెక్లెస్ రోడ్డు నుంచో ట్యాంక్‌బండ్ నుంచో చూస్తే చాలు. ఇంత చిన్న బిడ్డతో పడవ ఎక్కవద్దు. చీకటి పడితే దోమలు ముసురుతాయి, ఆలోగానే బయలుదేరాలి.

గుడిలో ఎవరో ఒకరు ప్రేమతో బిడ్డ నోట్లో తీర్థమో పంచామృతమో వేయబోతారు. పంచామృతంలో తేనె ఉంటుంది. ఏడాది నిండని బిడ్డకు తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కర్లేదు, మే నెల ఎండలోనైనా సరే. ఎండ ఎక్కువగా ఉంటే ఇంకా తరచుగా పాలివ్వాలి, తల్లి బాగా నీళ్ళు తాగాలి. "అమ్మా, డాక్టరుగారు వద్దన్నారండీ" అంటే ఎవరూ నొచ్చుకోరు. బుగ్గలు నిమరబోయేవారికీ, ముద్దు పెట్టబోయేవారికీ ఇదే మాట పనికొస్తుంది.

పాలివ్వడానికి ప్రత్యేక గదులు అన్నిచోట్లా దొరకవు. ముందు వైపు తెరుచుకునే బట్టలు, వెడల్పాటి చున్నీ ఉంటే ఏ చెట్టు నీడైనా సరిపోతుంది. తండ్రి పక్కన అడ్డుగా నిలబడటం తల్లికి ధైర్యాన్నిస్తుంది. పోతపాలు తాగే బిడ్డకు కొలిచిన పొడి డబ్బాలో, మరిగించిన నీళ్ళు ఫ్లాస్కులో విడివిడిగా తీసుకువెళ్ళి, అవసరమైనప్పుడే కలిపి, గోరువెచ్చగా చల్లార్చి పట్టాలి. తాగగా మిగిలినవి పారబోయాలి. కలిపిన పాలను రెండు గంటలకు మించి ఉంచకూడదు. సంచిలో డైపర్లు, పక్క మీద పరిచే రబ్బరు షీటు, బిడ్డకు రెండు జతలు, తల్లికి ఒక జాకెట్టు లేదా కుర్తా, మెత్తని నూలు గుడ్డలు, థర్మామీటరు, టీకాల కార్డు, డిశ్చార్జి కాగితం ఉంటే చాలు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరినా, పాలు తాగడం మానేసినా, లేపినా మగతగా ఉన్నా, ఒళ్ళు చల్లబడినా, ఫిట్స్ వచ్చినా, రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీసినా, డొక్కలు ఎగరేస్తున్నా సొంతంగా చుక్కల మందు వేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి; వాహనం దొరకకపోతే 108కి ఫోను చేయాలి. నాలుగైదు గంటలుగా డైపర్ తడవకపోయినా, మాడు లోపలికి గుంటపడినట్టు కనిపించినా ఒంట్లో నీరు తగ్గిందని అర్థం, అప్పుడు కూడా ఆగకుండా వైద్యులకు చూపించాలి. గదిలో దిగిన రోజే దగ్గరలోని పిల్లల ఆసుపత్రికి దారి చూసి పెట్టుకుని, ఆ చిరునామాను ఇద్దరి ఫోన్లలోనూ రాసుకోండి.