కొత్త చుక్క కనిపిస్తే

గెలాక్సీ ఫొటోలో కొత్త చుక్క కనిపించగానే సూపర్‌నోవా (పేలిపోతున్న నక్షత్రం) దొరికిందని ఎగిరి గంతేయకండి. ముందు అదే గెలాక్సీ పాత ఫొటో పక్కన పెట్టి చూడండి. నేనైతే టెలిస్కోప్‌ని కాస్త పక్కకు జరిపి, అరగంట ఆగి మళ్ళీ తీస్తాను. నక్షత్రాల మధ్య చుక్క కదిలితే గ్రహశకలం. నక్షత్రాలు జరిగినా అది అదే పిక్సెల్‌కి అతుక్కుని ఉంటే కెమెరా లోపం. రెండూ కాకపోతే ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్‌లో (ఇలా కొత్తగా కనిపించిన చుక్కలను నమోదు చేసే వెబ్‌సైట్) వెతికి, అక్కడ లేకపోతే నమోదు చేయండి.

సూపర్‌నోవా రకం తేల్చేది వర్ణపటమే, అంటే దాని కాంతిని రంగులుగా విడదీసిన పట్టీ. హైడ్రోజన్ గీతలుంటే టైప్ 2. 2023 మేలో జపాన్ ఔత్సాహికుడు కోయిచి ఇటగాకి ఎం101 గెలాక్సీలో పట్టుకున్నది ఈ రకమే. హైడ్రోజన్ లేకుండా 6150 ఆంగ్‌స్ట్రామ్‌ల (కాంతి తరంగదైర్ఘ్యపు కొలత) దగ్గర సిలికాన్ కాంతిని పీల్చుకోవడంతో ఏర్పడే లోయ లోతుగా ఉంటే టైప్ 1ఏ. అదీ లేక హీలియం కనిపిస్తే 1బి, హీలియమూ లేకపోతే 1సి. గెలాక్సీ రెడ్‌షిఫ్ట్‌ని (అది దూరంగా పోతుండటంతో గీతలు ఎరుపు వైపు జరగడాన్ని) సరిచేశాకే ఆ 6150 అంకె చూడాలి సుమా!