పాము కాటేస్తే ఆసుపత్రికి చేరేలోపు ఏం చేయాలి?

వానలు మొదలయ్యాయంటే చిత్తూరు జిల్లా పల్లెల్లో శెనక్కాయ చేలల్లో కలుపు తీసేవాళ్లకు, చీకట్లో మోటారు వేయడానికి గెనిమల మీద పోయేవాళ్లకు పాము భయం తప్పదు. అయితే దీనికి మందు ఉంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకటే విరుగుడు ఇంజెక్షన్. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. మనం చేయాల్సిందల్లా మనిషిని కదపకుండా, ఆలస్యం చేయకుండా అక్కడికి చేర్చడం.

ముందు పాముకు దూరంగా జరగండి. దాన్ని చంపాలని వెంటపడొద్దు, ఇంకొకరిని కాటేస్తుంది. ఏ పామో తెలియకపోయినా లక్షణాలను బట్టి డాక్టర్లు వైద్యం చేస్తారు.

వెంటనే 108కి ఫోన్ చేయండి. కాటు పడిన మనిషిని నడవనివ్వకుండా పడుకోబెట్టండి. చుట్టూ చేరి ఏడిస్తే ఆ మనిషికి టెన్షన్ పెరుగుతుంది, గుండె దడ ఎక్కువవుతుంది. "ఏం కాదులేన్నా, ఫోన్ చేసినాం, బండి వస్తా ఉంది" అని ఒకరు పక్కనే కూర్చుని చెబుతూ ఉండాలి.

వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు, వాచీ తీసేయండి. తర్వాత తీయాలంటే కోయాల్సి వస్తుంది.

కాలికి కాటు పడితే, ఎముక విరిగినప్పుడు కట్టినట్టు వెదురు బద్దో మందపాటి అట్టముక్కో పక్కన పెట్టి టవల్‌తో వదులుగా కట్టండి. కట్టు కింద వేలు దూరాలి. కాలు కదలకుండా ఉండటానికే ఈ కట్టు. రక్తం ఆపడానికి కాదు.

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. విషం పైకి ఎక్కకూడదని తాడుతో బిగించి కట్టేస్తారు. రక్తం అందక ఆ భాగం కుళ్లిపోయే ప్రమాదం ఉంది. ఇప్పటికే ఎవరైనా అలా కట్టి ఉంటే దారిలో విప్పొద్దు. ఒక్కసారిగా విప్పితే విషం ఒంట్లోకి దూసుకుపోవచ్చు, ఆసుపత్రిలోనే విప్పాలి. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం వద్దు. వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా అని చూస్తూ కూర్చోవడం కూడా వద్దు. మంత్రం వేశాక బతికినవాళ్లు లేరా అని పెద్దవాళ్లు అడుగుతారు. ఉన్నారు. కాటేసిన ప్రతిసారీ పాము విషం వదలదు, అందుకే వాళ్లు బతికారు. ఆ నమ్మకంతో మీ ఇంటి మనిషిని పందెం పెట్టొద్దు.

కట్లపాము సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నేల మీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాట్లు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు అంటారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగలేరు. దీన్ని గ్యాస్ నొప్పి అనుకుని మాత్ర వేసి పడుకోబెడితే ఊపిరి ఆగిపోయే దాకా రావచ్చు. రెప్పలు వాలితే వెంటనే బయల్దేరండి. వాంతులవుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి ఆగితే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కుతూ ఉండండి.

108 రావడం ఆలస్యమయ్యేలా ఉంటే బైక్ మీదైనా తీసుకుపోండి. నడిపేవారికీ వెనక పట్టుకునేవారికీ మధ్యలో కూర్చోబెట్టాలి. తిరుపతి వైపు అయితే రుయా ప్రభుత్వ ఆసుపత్రి, చిత్తూరు దగ్గరైతే జిల్లా ఆసుపత్రి. దూరమైతే ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో విరుగుడు ఉందేమో ఫోన్‌లో కనుక్కోండి.

దారిలో వాపు ఎంతవరకు వచ్చిందో పెన్నుతో గీత గీసి, పక్కన టైం రాయండి. డాక్టరుకు అది బాగా పనికొస్తుంది.

ఆసుపత్రిలో గాజు గొట్టంలో రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి గడ్డకడుతుందో లేదో చూస్తారు. "ఏం చేయకుండా చూస్తా ఉన్నారు" అని బంధువులు గొడవపడి మనిషిని వేరేచోటికి మారుస్తుంటారు. మార్చొద్దు, ఆ పరీక్ష కూడా వైద్యంలో భాగమే. విరుగుడు ఎక్కేటప్పుడు దురద, దద్దుర్లు, వణుకు, ఆయాసం కనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పండి. విషం ఎక్కిన జాడ లేకపోయినా 24 గంటలు అక్కడే ఉండాలి.

రక్తపింజర విషం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కాబట్టి ఇంటికొచ్చాక మూత్రం తగ్గినా, ఎర్రగా వచ్చినా, ముఖం వాచినా ఆ రోజే మళ్లీ డాక్టరుకు చూపించండి.