టూర్ డి ఫ్రాన్స్ కొండ స్టేజీని ఎలా చూడాలి?

టూర్ డి ఫ్రాన్స్ లాంటి సైకిల్ రేసు మొదటిసారి టీవీలో చూసేవాళ్లకు ఏమీ అర్థం కాదు. నూట యాభై మందికి పైగా ఒకే గుంపుగా తొక్కుతుంటారు. ఎవరు గెలుస్తున్నారో తెలియదు. అందుకే మీరు కొండ స్టేజీతో (స్టేజీ అంటే ఒక రోజు తొక్కే దారి) మొదలుపెట్టండి. ఎక్కుడు మొదలయ్యాక గుంపు చెదిరిపోతుంది, ఒక్కొక్కరి ముఖం విడిగా కనిపిస్తుంది. చూపు ఎక్కడ పెట్టాలో తెలిస్తే మూడు గంటలు కదలకుండా కూర్చోబెట్టే ఆట ఇది.

1. మంచి స్టేజీ ఎంచుకోండి

రేసు మూడు వారాలు, మొత్తం 21 స్టేజీలు. ఏ రోజు విజేత ఆ రోజుకే. అన్ని రోజుల సమయం కలిపితే ఎవరిది అందరికంటే తక్కువో అతను పసుపు జెర్సీ వేసుకుంటాడు. (1903లో ఈ రేసు మొదలుపెట్టిన ‘లోటో’ పత్రికను పసుపు కాగితం మీద అచ్చువేసేవారు. ఆ రంగే జెర్సీకి వచ్చింది.) ఆల్ప్స్‌లోనో పిరనీస్‌లోనో కొండ మీదే ముగిసే స్టేజీ చూసుకోండి. అక్కడ సాయంత్రం అయిదు దాటాక ముగుస్తుంది, మనకు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది అవుతుంది. చివరి పది నిమిషాలకు కాకుండా ఏడింటికే కూర్చోండి.

2. ముందే దారి బొమ్మ చూడండి

ప్రతి స్టేజీకీ ఎత్తుపల్లాలు చూపే బొమ్మ ఇస్తారు. అందులో ఎక్కుడు పొడవు, ఏటవాలు శాతం చూడండి. 8 శాతం అంటే వంద మీటర్లు ముందుకు వెళ్తే 8 మీటర్లు పైకి ఎక్కినట్టు. కొండలను కష్టాన్ని బట్టి నాలుగు నుంచి ఒకటి వరకు తరగతులు చేశారు. ఒకటో తరగతి కంటే కఠినమైనవి ఏ తరగతికీ చెందనివి. అల్ప్ దుయెజ్ అలాంటిదే: 13.8 కిలోమీటర్లు, సగటున 8.1 శాతం, 21 హెయిర్‌పిన్ మలుపులు. మలుపుల బోర్డుల మీద అంకెలు 21 నుంచి కిందికి తగ్గుతూ వస్తాయి కాబట్టి ఇంకెన్ని మిగిలాయో మనకూ తెలుస్తుంది.

సగటును మాత్రం పూర్తిగా నమ్మకండి. మధ్యలో కాస్త చదును ఉంటే సగటు తగ్గుతుంది, మిగతా దారి అంతకంటే నిటారుగా ఉంటుంది. ఎత్తు కూడా చూడండి. గాలిబియే కనుమ 2,642 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ ఊపిరి చాలదు.

3. రెండు రేసులను విడిగా చూడండి

స్టేజీ మొదట్లోనే ముందుకు దూసుకెళ్లే కొద్దిమందిని బ్రేక్‌అవే అంటారు. మొత్తం సమయంలో వాళ్లు సాధారణంగా బాగా వెనకబడి ఉంటారు కాబట్టి పెద్ద జట్లు వదిలేస్తాయి. వాళ్లది ఆ రోజు గెలుపు కోసం పోరు. పసుపు జెర్సీ కోసం పోరు వాళ్ల వెనక జరుగుతుంటుంది.

4. తోటివాళ్లను లెక్కపెట్టండి

ఇదే అసలు సంగతి. ఒక్కో జట్టుకు ఎనిమిది మంది. కొండ మీద నాయకుడి కోసం ఒకడు ముందుండి శక్తి అయిపోయేదాకా వేగంగా లాగుతాడు, తర్వాత పక్కకు తప్పుకుంటాడు, ఇంకొకడు అందుకుంటాడు. ఏ నాయకుడి పక్కన ఎంతమంది మిగిలారో అయిదు నిమిషాలకోసారి లెక్కవేయండి. ఒంటరైపోయినవాడికి గండం దగ్గరపడినట్టే.

2022లో 11వ స్టేజీ ఇందుకు నేను చూసిన గొప్ప పాఠం. పసుపు జెర్సీ తడేయ్ పొగాచర్‌ది. గాలిబియే ఎక్కేటప్పుడు ఒకే జట్టుకు చెందిన ప్రిమోజ్ రోగ్లిచ్, యోనస్ వింగెగార్డ్ వంతులవారీగా దాడి చేశారు, అంటే ఉన్నట్టుండి వేగం పెంచి ముందుకు దూసుకెళ్లారు. పొగాచర్ ప్రతిసారీ తానే వెంటపడ్డాడు. అప్పుడు చూస్తే అతనే బలంగా ఉన్నట్టు అనిపించింది. ఆ ఖర్చంతా చివరి ఎక్కుడు గ్రానోన్ మీద బయటపడింది. వింగెగార్డ్ ఒంటరిగా వెళ్లిపోయి స్టేజీ గెలిచాడు. పొగాచర్ దాదాపు మూడు నిమిషాలు పోగొట్టుకున్నాడు, పసుపు జెర్సీ చేతులు మారింది. ఆ ఏడాది టూర్ వింగెగార్డ్‌దే. ఆ పని కోసం తనను తాను ఖర్చుపెట్టుకున్న రోగ్లిచ్ ఆ రోజు చాలా వెనకబడ్డాడు.

మనిషి అలసట ముందు భుజాల్లో తెలుస్తుంది. అవి అటూ ఇటూ ఊగడం మొదలైందా, ముందున్నవాడి చక్రానికీ తనకూ మధ్య మీటరు ఖాళీ వచ్చిందా, కెమెరా చూపించకపోయినా మీరు అతన్నే వెతకండి. ఆ మీటరు కొండ మీద మళ్లీ పూడ్చడం చాలా కష్టం.

5. విజేత వచ్చాక టీవీ ఆపకండి

చివర్లో వచ్చేవాళ్లు గుంపు కడతారు, దాన్ని గ్రుపెట్టో అంటారు. విజేత సమయానికి కొంత శాతం కలిపి గడువు పెడతారు. అది దాటితే సాధారణంగా రేసు నుంచి ఇంటికే. బరువైన స్ప్రింటర్లకు (చదును దారి చివర్లో ఒక్క ఉరుకుతో గెలిచేవాళ్లు) కొండ రోజు బతికి బయటపడటమే గెలుపు. 2024 జులై 2న 39 ఏళ్ల స్ప్రింటర్ మార్క్ కావెండిష్ గాలిబియే దాటి గడువులోపు చేరుకున్నాడు. మర్నాడు చదును దారిలో స్ప్రింట్ గెలిచి, టూర్‌లో తన 35వ స్టేజీ విజయంతో, పాతతరం మేటి ఎడీ మెర్క్స్ పేరిట ఉన్న అత్యధిక స్టేజీ విజయాల రికార్డును దాటేశాడు.