‘ఫైట్’ తర్వాత ఏం పెట్టాలి?

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లు చాలామంది ‘ఫైట్’ దగ్గర తడబడుతుంటారు. దాని పక్కన విత్ పెట్టాలా, ఫర్ పెట్టాలా అని. ముందు తెలుగు వాక్యం మనసులో అనుకోండి. ‘కోసం’ వస్తే ఫర్: ఫైట్ ఫర్ వాటర్. ‘మీద’, ‘వ్యతిరేకంగా’ వస్తే ఎగైనెస్ట్. ‘గురించి’ గొడవైతే ఓవర్ లేదా అబౌట్.

‘తో’ వచ్చినచోటే అసలు చిక్కు. ‘దే ఫాట్ విత్ ద రజాకార్స్’ అంటే రజాకార్లను ఎదిరించారనీ అనుకోవచ్చు, వాళ్ల పక్షాన పోరాడారనీ అనుకోవచ్చు. తెలంగాణ సాయుధ పోరాటం గురించి రాసేటప్పుడు అర్థం ఇలా తలకిందులైతే చాలా తప్పు. అక్కడ ఎగైనెస్ట్ వేస్తే ఏ అనుమానమూ ఉండదు. అన్నట్టు, భూతకాలంలో ‘ఫాట్’ అనే అనాలి, ‘ఫైటెడ్’ అనే మాటే లేదు.

ఆఫీసులో మాటామాటా పెరిగిన సంగతి మెయిల్‌లో రాస్తుంటే ‘ఫైట్’ వద్దు. చేయి చేసుకున్నారేమో అనుకుంటారు. ‘ఆర్గ్యుమెంట్’ చాలు.

తెలుగు వాక్యాన్ని బట్టి మాట ఎంచుకునే పద్ధతి అన్నిచోట్లా కుదరదు. ఎన్నిక, కోర్టు కేసు, మంటలు వచ్చినప్పుడు మధ్యలో విత్, ఫర్ లాంటి మాటలేవీ పెట్టకూడదు: ఫైట్ ఎన్ ఎలక్షన్, ఫైట్ ఎ కేస్, ఫైట్ ఎ ఫైర్.