పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిని రోజూ నడపాలంటే

నా పాత జీపు పని మొదలుపెట్టినప్పుడు ముందు ఇంజిన్ విప్పాను. అది తప్పు. ముందు చూడాల్సింది ఛాసిస్, అంటే బండి బరువంతా మోసే ఇనుప చట్రం. బండి కిందకి దూరి, చిన్న సుత్తితో పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట మొద్దు శబ్దం వస్తుంది. స్ప్రింగులు బిగించే చోట్లు, బురద పేరుకునే మూలలు అస్సలు వదలొద్దు. తుప్పు మీద రంగు వేస్తే లోపల తినేస్తూనే ఉంటుంది. ఆ ముక్క కోసేసి, మందపాటి ప్లేటు వెల్డింగ్ చేయించాల్సిందే. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ వైర్లు తీసేయండి.

తర్వాత బ్రేకులు. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి పాతదంతా తీసేసి కొత్తది పోయండి. రబ్బరు గొట్టాలు పైకి బాగున్నా మార్చేయండి. టైరు పక్కన 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. అరగకపోయినా పదేళ్లు దాటిన టైరు నేను వాడను.

ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె), రెండు డిఫరెన్షియళ్ల (ఇరుసు మధ్యలో ఉండి, మలుపులో కుడి, ఎడమ చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) ఆయిల్ మార్చండి. తీసిన ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే లోపలికి నీళ్లు చేరినట్టే. ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు, లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం చూడాలి.

సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక ఇరుసులను వేర్వేరు వేగంతో తిరగనిచ్చేది) లేని బండైతే పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయకండి. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు, ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. అలాగని నెలల తరబడి ఫోర్ వీల్ వేసే లివర్ ముట్టుకోకపోతే బిగుసుకుపోతుంది. నెలకోసారి మట్టి రోడ్డు మీద కాసేపు వేసి నడపండి.